నల్లగొండ నీరు, వెన్నుపాము వ్యాధి : ఒక వైద్యపరిశోధన చరిత్ర

కాలు సేతులు పడిపోయిన ప్రతి జబ్బును మన గ్రామములలో పక్షవాతమనియే పిలుతురు. వైద్యశాస్త్రమున దానికి పలు కారణములు కలవు. మెదడునకు నెత్తురు కొనిపోవు నాళము పూడుకొనిపోయినను, చిట్లినను శరీరమున ఒక పార్శ్వము చచ్చుపడును. అది క్షణములలో వచ్చు ఆపద. సాయంకాలము వరకు నాగలి పట్టినవాడు తెల్లవారుసరికి మంచము దిగలేకపోవును. కాని నల్లగొండ, మహబూబునగరము జిల్లాల మెట్టభూములలో మరియొక విధమైన చచ్చుతనము తరతరములుగా నుండెను. అది ఒక రాత్రిలో రాదు. పది, ఇరువది, ముప్పది యేండ్లు తీసికొనును. మొదట మెడ తిరుగదు. తరువాత నడుము వంగదు. ఆపై రెండు కాళ్లును తిమ్మిరి పట్టి, కొయ్యబారి, అడుగు పడనీయవు. మాట పోదు, జ్ఞాపకము పోదు. మనిషి సంపూర్ణమైన తెలివితో నుండగనే దేహము కట్టెవలె బిగిసిపోవును.

పల్లెలలో దీనిని వాతమనిరి, ముందుగా వచ్చిన ముసలితనమనిరి, గ్రహచారమనిరి. ఇది మంచినీళ్లబావిలోనుండి వచ్చుచున్నదని కనుగొనుటయు, ఆ నీటిలోని పదార్థము వెన్నుపామును ఏ విధముగ నొక్కివేయుచున్నదో తెలిసికొనుటయు ఇరువదవ శతాబ్దమున వైద్యులు చేసిన పని. కారణము తెలిసిన తరువాత ఆ బావి మారుటకు పట్టిన కాలము, కారణము తెలియుటకు పట్టిన కాలముకంటె తక్కువ కాదు. ఈ చరిత్రలో ముఖ్యముగ చెప్పవలసిన మాట అదియే.

ఈ రెండు జిల్లాల భూస్వరూపమును కొంత తెలిసికొననిదే ఈ కథ బోధపడదు. దక్షిణమున కృష్ణ పారుచున్నది. పూర్వపు ఉభయ జిల్లాల సరిహద్దులలో డిండి వాగు పారి కృష్ణలో కలియుచున్నది. నల్లగొండకు ఉత్తరభాగమున మూసీ కలదు. నదులున్నవి గాని అవి లోతున పారుచుండగా భూమి యెత్తున నున్నది. దేవరకొండ, మునుగోడు, చండూరు, మర్రిగూడ ప్రాంతములలో ఎటు చూచినను గుట్టలు, గుండ్లు, ఎఱ్ఱచెలక. వానలు తక్కువ. పూర్వులు చెరువులు త్రవ్వి, బావులు తోడి బ్రదికిరి. ఇచ్చటి నల్లసేనపు రాతిలో, అనగా గ్రానైటులో, ఫ్లోరీను కలిగిన ఖనిజములు విశేషముగ నున్నవి. రాతి పగుళ్లలో నిలిచిన నీరు ఏండ్ల తరబడి ఆ ఖనిజములను కరగించుకొనును. నీటిలో సున్నపుపాలు హెచ్చుగ నున్నచో ఫ్లోరైడు దానితో కూడి అడుగునకు దిగును. ఇచ్చటి క్షారజలములలో సున్నము తక్కువ గనుక అది నీటిలోనే నిలిచిపోవును. ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తెలియు రుచి లేదు. ఉప్పునీటిబావిని జనులు తామే విడిచిపెట్టుదురు. ఈ నీటిని విడిచిపెట్టుటకు వారికి కారణమే కనబడలేదు.

ప్రపంచమున ఈ విషయము మొదట పండ్ల మచ్చలనుండి తెలిసినది. 1901వ సంవత్సరమున అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్సు పట్టణమునకు వచ్చిన ఫ్రెడరిక్ మెక్కే అను దంతవైద్యుడు అచ్చటి ప్రజల పండ్లపై గోధుమవన్నె మచ్చలను చూచి, త్రాగునీటియందే దోషమున్నదని సంవత్సరముల తరబడి వాదించెను. ఆ దోషమేదో 1931లో చర్చిలు అను రసాయనశాస్త్రజ్ఞుడు చెప్పగలిగెను, అది ఫ్లోరైడు. మరుసటి యేడే డెన్మార్కు దేశమున, క్రయొలైటు అను ఖనిజమును పొడిచేయు కర్మాగారపు కూలీల యెముకలు ఎక్స్‌రే చిత్రములలో సుద్దవలె తెల్లగ దట్టముగ కనబడుటను మోలెరు, గుడ్జోన్సను అను వైద్యులు ప్రకటించిరి. 1937లో కై రోహోం అను వైద్యుడు ఈ విషయముపై ఒక ఉద్గ్రంథమును వెలువరించెను. పాశ్చాత్యులకు ఇది కర్మాగారపు ధూళివలన కొలదిమందికి వచ్చిన వ్యాధి. ఊళ్లకు ఊళ్లు త్రాగునీటి మూలమున వెన్ను బిగిసిపోవుటను లోకమునకు చూపినది తెలుగుదేశమే.

ఆ చూపినది మొదట నెల్లూరు జిల్లా. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నాడు ఆ జిల్లాలోనివే. అవి 1970లో ప్రకాశము జిల్లాలో చేరినవి. ఎడ్లు కీళ్లు బిగిసి, కుంటుచు, కాడికి పనికిరాకపోవుటను ఆ సీమ రైతులు వైద్యులకంటె ముందే యెరిగియుండిరి. పశువును చూచిన తరువాతనే మనుష్యునివైపు శాస్త్రజ్ఞుల దృష్టి మరలినదనుట విచిత్రమే గాని, ఎద్దు పోయినచో రైతునకు వెంటనే నష్టము తెలియును; మనిషి మెల్లగ వంగినచో వయసు మీద త్రోయవచ్చును. 1937లో మద్రాసు గిండీలోని కింగు సంస్థకు చెందిన షార్టు, పండిట్, రాఘవాచారి అను మువ్వురు నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధిని వర్ణించి వ్యాసము ప్రకటించిరి. పండ్ల మచ్చలతో ఆగక వెన్నెముక బిగియుటయు, నరముల బాధలును ఇందు కలవని వారు చూపిరి. ఈ షార్టు పండితుడే తరువాత 1948లో మలేరియా క్రిమి మనుష్యుని కాలేయమున దాగునని గార్న్‌హాముతో కలిసి నిరూపించి ప్రసిద్ధి కెక్కెను. 1940లో పండిట్ బృందమువారు మరియొక అడుగు ముందుకు వేసి, ఒకే నీటిని త్రాగువారిలో కొందరికే యెముకల వ్యాధి తీవ్రమగుటకు ఆహారలోపము మున్నగు కారణములను పరిశీలించిరి.

నెల్లూరు నాడు ఆంగ్లేయుల యేలుబడిలో నుండెను. నల్లగొండ నిజాము రాజ్యములోనిది. కృష్ణకు ఈ దరి రాయి ఆ దరి రాతికంటె భిన్నమేమియు కాదు గాని, పరిశోధన మాత్రము నది దాటుటకు చాలకాలము పట్టినది. ఆ నడుమ ఈ జిల్లా చూడనిది లేదు. వెట్టి, దొరతనము, 1946 మొదలుకొని సాయుధపోరాటము, 1948లో పోలీసుచర్య, ఆ తరువాత మూడేండ్ల కల్లోలము. పల్లెలలో ప్రాణమునకే భద్రత లేని దినములలో బావినీటిని పరీక్షింపవచ్చు వైద్యు డెవ్వడు?

1955వ సంవత్సరమున హైదరాబాదు వైద్యుడు ఎ. హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి వ్రాసిన వ్యాసము లండనులోని బ్రిటిషు మెడికల్ జర్నల్‌లో వెలువడినది. ఈ జిల్లా పేరు ప్రపంచ వైద్యసాహిత్యమున నిలిచిపోయినది దానితోనే. బిగిసిన వెన్నెముకలు, దట్టపడిన యెముకలు, నరములపై వత్తిడి పడి చచ్చుబడిన కాళ్లు, ఇవన్నియు త్రాగునీటిలోని ఫ్లోరైడుతో ముడిపడియున్నవని ఆయన రోగులను చూచి, ఎక్స్‌రేలు తీసి చూపెను. అదే యేడు డిసెంబరు 10వ తేదీన ఇదే జిల్లాలోని నందికొండ కడ జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. వ్యాధికి కారణమును చెప్పిన వ్యాసము, వ్యాధిని తీర్పగల నీటికి వేసిన పునాది, రెండును ఒకే సంవత్సరమున ఒకే జిల్లాకు వచ్చినవి. అవి రెండును ఒకదానినొకటి కలిసికొనుటకు మాత్రము నలుబది యేండ్లు చాలలేదు.

ఆ వ్యాసము ఆంగ్లమున, వేయి యోజనముల దూరమున అచ్చయినది. నిజాముల కాలముననే, 1922లో, షబ్నవీసు వేంకట రామనరసింహారావు నల్లగొండనుండి నీలగిరి పత్రికను తెలుగున వెలువరించియుండిన జిల్లా ఇది. అక్షరముపై ఇంతటి ఆసక్తి గల సీమలో, తమ బావిని గూర్చిన విషయము తమ భాషలో చదువుకొను భాగ్యము ఆనాటి మర్రిగూడ రైతునకు కలుగలేదనుట విచారకరము. పుస్తకము ఊరిలో నుండుటకును, ఊరిని గూర్చిన పుస్తకము ఎక్కడనో నుండుటకును గల అంతరము గ్రంథాలయముల వారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక ఈ వ్యాధి వెన్నుపామును బట్టు విధానమును కొంత విపులముగ చెప్పవలెను. శరీరములోనికి వచ్చిన ఫ్లోరైడులో కొంత మూత్రమున పోవును. మిగిలినది యెముకలో చేరును. ఎముక యొక్క ఖనిజభాగమున నున్న హైడ్రాక్సిలు అయానును తొలగించి తాను దాని స్థానమున కుదురుకొనును. అట్టి యెముక చూచుటకు దట్టముగను బరువుగను ఉండును గాని, మంచి యెముక వలె సాగుదల లేక పెళుసుబారును. ఇంతటితో ఆగినచో ప్రమాదము తక్కువే. కాని ఫ్లోరైడు క్రొత్త యెముకను, ఉండకూడని తావులలో, పుట్టించును. కీళ్ల అంచులలో ముండ్లవంటి మొలకలు లేచును. ఎముకను యెముకతో కట్టియుంచు స్నాయువులు తామే యెముకలుగా మారును. ముంజేతిలోని రెండు యెముకల నడుమ నున్న పలుచని పొర గట్టిపడి ఎక్స్‌రేలో ముండ్లకంపవలె కనబడును. అందుచే నడుమునొప్పితో వచ్చినవానికి వైద్యుడు ముంజేతి చిత్రము తీయించుట ఈ జిల్లాలలో వింత కాదు. వ్యాధిని పట్టియిచ్చు గుర్తు అచ్చటనే దొరకును.

వెన్నెముకలోని పూసల నడుమ ఒక నాళము కలదు. చిటికెనవ్రేలి లావున నుండు వెన్నుపాము ఆ నాళములో దిగి, మెదడు ఆజ్ఞలను కాలుసేతులకు కొనిపోవును. ఆ నాళమునకు ముందు ఒక స్నాయువు, వెనుక ఒక పచ్చని స్నాయువు గోడలవలె నున్నవి. ఫ్లోరోసిస్‌లో ఆ గోడలు రెండును ఎముకలై లావెక్కును. పూసల కమానులు కూడ లావెక్కును. లోపలి దారి ఏడాదికేడాది ఇరుకగును. వెన్నుపాము అటు నిటు జరుగుటకు తావు లేక నలిగిపోవును. ఈ ఇరుకుదనము మెడలో హెచ్చుగ నుండుట చేత చేతులు, కాళ్లు నాలుగును దెబ్బతినును. తాటిచెట్టు ఎక్కు గౌడు తల యెత్తి లొట్టి వంక చూడలేడు. వెనుకనుండి పిలిచినచో మెడ త్రిప్పక దేహమంతయు త్రిప్పి చూచును. ఆ తరువాత కాళ్లు బిగియును, చెప్పు జారిపోయినను పాదమునకు తెలియదు, కడపట మూత్రముపై అదుపు తప్పును. యెముకల ఫ్లోరోసిస్ ముదిరినవారిలో సుమారు పదింట ఒకరికి ఈ నరముల బాధ వచ్చునని వైద్యులు చెప్పిరి. ఎండలో మోట తోలి, మన్ను మోసి, దినమునకు నాలుగైదు లీటర్ల నీరు త్రాగు కూలివానికి, నీడను కూర్చుండువానికంటె ఈ భయము హెచ్చు. పేదవాని రోగమని దీనిని వేరుగ వర్ణింపనక్కరలేదు.

మెదడులో నెత్తురునాళము దెబ్బతిని వచ్చు పక్షవాతమునకును దీనికిని గల భేదము రోగిని ప్రశ్నించుటలోనే తేలును. ఎప్పుడు వచ్చినదని అడిగినచో మొదటివాడు తేదీ చెప్పును, గడియ చెప్పును. రెండవవాడు చెప్పలేడు; ఏ వ్యవసాయపు కారునుండియో మెల్లగ వచ్చినదనును. మొదటిది ఒక పార్శ్వమున వచ్చును. ఇది రెండు కాళ్లకును వచ్చును. ఈ రెంటిని కలిపి ఒకే పేరున పిలిచినంతకాలము, రెండవదానికి బావితో సంబంధము కలదని ఎవ్వరికిని తోచుటకు వీలు లేకపోయెను.

సిద్దిఖీ 1970లో మెడ భాగమున కలుగు ఈ వత్తిడిని గూర్చియే ప్రత్యేకముగ మరియొక వ్యాసము వ్రాసెను. నడుమ, 1961లో, పంజాబు వైద్యులు అమర్‌జిత్ సింగు, జాలీ మున్నగువారు తమ రాష్ట్రమున ఇదే వ్యాధి తెచ్చు నరముల బాధలను లాన్సెట్ పత్రికలో వర్ణించిరి. తెలుగుదేశమున ఈ పనిని శస్త్రవైద్యుని కత్తివరకు కొనివచ్చినవారిలో డాక్టరు దేమె రాజారెడ్డి ముఖ్యులు. ఆయన నాడీశస్త్రవైద్యుడు, హైదరాబాదులోని నిజాము వైద్యవిజ్ఞాన సంస్థకు అధిపతిగ పనిచేసెను. 1979లో హాలెండునుండి వెలువడిన నాడీవైద్య మహాగ్రంథపరంపరలో యెముకల ఫ్లోరోసిస్‌ను గూర్చిన అధ్యాయము ఆయన వ్రాసినదే. 2009లో కూడ న్యూరాలజీ ఇండియా పత్రికలో ఈ విషయమునే సమగ్రముగ సమీక్షించెను. నరములకు కలుగు కీడు ప్రధానముగ యెముక వత్తిడి వలననే గాని ఫ్లోరైడు నరమును నేరుగ విషమై తినుట వలన కాదని ఈ పరిశోధనల సారము. శాతవాహనుల నాణెములను గూర్చియు ఆయన పండితుడే. మట్టిలోనుండి తీసిన నాణెమును, దేహములోనుండి తీసిన యెముకను ఒకే ఓర్పుతో చదివిన మనిషి అనవచ్చును.

వత్తిడియే కారణమైనచో వత్తిడిని తీసివేయవచ్చునను ఆశ కలుగును. పూసల వెనుక కమానులను తొలగించి వెన్నుపామునకు చోటిచ్చు శస్త్రచికిత్స కలదు. కాని ఇచ్చటి యెముక మామూలు యెముక కాదు. లావు, గట్టిదనము హెచ్చు; పచ్చని స్నాయువు యెముకయై వెన్నుపాముపై పొరకు అంటుకొని యుండవచ్చును. ఒక పూస కడనే గాక అనేక పూసల కడ ఇరుకుండుట చేత పని పెద్దది. కాళ్లు క్రొత్తగ బిగియుచున్నవానికి మేలు కలుగును. ఏండ్ల తరబడి మంచమున నున్నవానికి, నలిగి క్షీణించిన వెన్నుపాము తిరిగి మొలకెత్తదు. శస్త్రవైద్యులు ఈ పరిమితిని దాచలేదు. ఈ వ్యాధికి మందు లేదు, నివారణయే కలదని వారు వ్రాయుచు వచ్చిరి. ఆపరేషను బల్ల కడ నిలిచిన మనిషి బావివైపు వ్రేలు చూపుటకంటె గట్టి సాక్ష్యము మరి యేది?

ఈ కాలముననే మరియొక రూపము బయటపడినది. కూనూరులో నుండిన పోషకాహార పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయ్యెను. ఆ సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో, ఫ్లోరోసిస్ ప్రాంతములందలి బాలురు, యువకులలో మోకాళ్లు లోనికి వంగి ఒకదానికొకటి తగులుచుండుటను వెల్లడించిరి. పెద్దలలో యెముక దట్టపడుచుండగా ఈ పిల్లలలో అది పలుచబడియుండెను. జొన్నయే ముఖ్యాహారముగ గలవారి శరీరమున ఫ్లోరైడు హెచ్చుగ నిలుచునని అదే సంస్థలో లక్ష్మయ్య, శ్రీకంఠయ్య 1977లో చూపిరి. ఇది శాస్త్రదృష్టిలో విలువైన సంగతియే. కాని జొన్నరొట్టెయు, గటుకయు తప్ప మరియొకటి దొరకని యింటివానికి జొన్న మానుమని చెప్పుట, నీరు మానుమని చెప్పుటవంటిదే. సాగరపు కాలువలు పారినచోట భూగర్భజలము పైకి లేచి నీటి గుణములు మారుటను గూర్చియు ఆ పరిశోధకులు యోచించిరి. 1967 ఆగష్టు 4న ఇందిరాగాంధి ఆ కాలువలకు నీరు వదలెను. మెట్టసీమలోని గుట్టల పల్లెలకు ఆ నీరు ఎక్కలేదు.

నీటిని శుభ్రపరచుటకు నాగపురములోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ 1970 తరువాతి యేండ్లలో ఒక పద్ధతిని సిద్ధము చేసెను. నీటిలో పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి, మొదట వేగముగను పిమ్మట మెల్లగను కలియబెట్టి, తేరనిచ్చి, వడగట్టవలెను. తేరిన మడ్డితో కూడ ఫ్లోరైడు అడుగునకు దిగును. ఇంటి బిందెలోను చేయవచ్చును, ఊరి ట్యాంకులోను చేయవచ్చును. ఈ జిల్లా పేరనే దానికి నల్లగొండ పద్ధతి యని పేరిడిరి. ఆఫ్రికాలోని టాంజానియా, ఇథియోపియా దేశములలో కూడ ఈ పేరనే ప్రయత్నించి చూచిరి. చౌకయైనది, సులభమైనది. అయినను, నీటిని బట్టి పటిక పాలు మార్చవలెను. మడ్డిని ఊరి వెలుపల పారవేయవలెను. ప్రతిదినము మరువక చేయవలెను. పొద్దు పొడువకముందే కూలికి పోవు ఇంటిలో ఈ పని నిలుచుట కష్టమైనది. ఊరి యంత్రములు మరమ్మతు లేక మూలబడినవి.

1996లో ఈ జిల్లా మరియొక రీతిని మాటాడెను. దుశర్ల సత్యనారాయణ నాయకత్వమున జలసాధన సమితివారు కృష్ణాజలములను కోరుచు, నల్లగొండ లోకసభ స్థానమునకు వందల కొలది నామినేషనులు వేయించిరి. కడకు పోటీలో నిలిచినవారు 480 మంది. ఓటుపత్రము పుస్తకమంత అయ్యెను. ఆ యెన్నికలో బొమ్మగాని ధర్మభిక్షము గెలిచెను. ఆ యేడే శాసనము సవరించి అభ్యర్థుల డిపాజిట్టును 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెంచిరి. ఓటుపత్రము చిన్నదగుటకు అంత త్వరగా మార్గము దొరకినది.

నీటికి మార్గము మెల్లగ వచ్చినది. కందూరి చోడుల నాటి పానగల్లు ఉదయసముద్రము, మాధవరెడ్డి ఎత్తిపోతల పథకమున కృష్ణాజలములను నిలుపు జలాశయమయ్యెను. తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడిన తరువాత, 2015లో చౌటుప్పల కడ మిషన్ భగీరథకు స్తంభము నాటిరి. 2016 ఆగష్టు 7న దాని మొదటి దశ గజ్వేలు ప్రాంతమున ప్రారంభమయ్యెను. నదీజలము కుళాయిల మూలమున ఈ మెట్టపల్లెలకు చేరినది. ఫ్లోరైడు నీటిని త్రాగు ఆవాసములు తెలంగాణమున ఇక లేవని 2020లో కేంద్రప్రభుత్వపు లెక్కలు చెప్పినవి. సిద్దిఖీ వ్యాసము వెలువడి అప్పటికి 65 యేండ్లు.

నీరు మారినను యెముక వెంటనే మారదు. ఎముకలో చేరిన ఫ్లోరైడు, ఎముక తన్ను తాను క్రొత్తగ కట్టుకొను కొలది, ఏండ్ల తరబడి మెల్లగ విడివడి మూత్రమున పోవుచుండును. యెముకయైన స్నాయువు మరల స్నాయువు కాదు. బావినీరు త్రాగి పెరిగినవారు ఇంకను ఈ పల్లెలలోనే యున్నారు. తెల్లని పండ్లతో బడికి పోవు పిల్లలకు, మెడ తిరుగని తాతయే త్రోవలో ఎదురగుచున్నాడు.